బీటాలోకి రమ్మనే బటన్ పక్కనే బయటపడే దారి కూడా రాయండి

ఆపరేటింగ్ సిస్టమ్‌ల బీటా కార్యక్రమాలు నడిపే బృందాలకు,

నమస్కారం. బీటాలు, అంటే విడుదలకు ముందు పరీక్ష కోసం ఇచ్చే వెర్షన్లు, ఆపేయమని అడగడానికి రాస్తున్న లేఖ కాదిది. ఎన్నో రకాల హార్డ్‌వేర్ మీద, ఎవరూ ఊహించని సాఫ్ట్‌వేర్ కలయికల మధ్య కొత్త సిస్టమ్ ఎలా నడుస్తుందో మీ ల్యాబుల్లో తేలదు. బయటివాళ్లు వాడి చూడాల్సిందే. మా పేచీ వేరే. బీటాలో చేరడానికి సెట్టింగ్స్‌లో రెండు మూడు క్లిక్కులు చాలు. బయటికి రావాలంటే మాత్రం చాలాసార్లు డిస్క్ మొత్తం తుడిచేసి, పెన్‌డ్రైవ్ పెట్టి మొదటినుంచీ ఇన్‌స్టాల్ చేసుకోవాలి. ఈ రెండో ముక్క మీ సహాయ పేజీల్లో ఉంది, కాదనం. కానీ ఆ పేజీని వెతుక్కుంటూ వెళ్లేది అప్పటికే ఇరుక్కుపోయినవాళ్లు.

ఒకప్పుడు బీటా పెట్టుకోవడమే కష్టం. 2009లో విండోస్ 7 బీటా కావాలంటే ఐఎస్ఓ ఫైల్ (ఇన్‌స్టాల్ డిస్క్ మొత్తం ఒకే ఫైలుగా) దించుకుని, డీవీడీ రాసుకుని, కంప్యూటర్ ఏ డిస్క్‌తో మొదలవ్వాలో చెప్పే బూట్ వరసను బయోస్‌లో మార్చుకోవాల్సి వచ్చేది. అంత ఓపిక ఉన్నవాళ్లకు వెనక్కి రావడం కూడా తెలిసే ఉండేది. 2014లో మైక్రోసాఫ్ట్ విండోస్ బీటాల కోసం ఇన్‌సైడర్ ప్రోగ్రామ్ మొదలుపెట్టింది. అదే ఏడాది ఆపిల్ తన మ్యాక్ సిస్టమ్ కొత్త వెర్షన్ యోసెమిటీ పబ్లిక్ బీటాను మొదటి పది లక్షల మందికి తెరిచింది. 2023 నుంచి ఆపిల్ డెవలపర్ బీటాలు సైతం ఆపిల్ ఐడీ ఉన్న ఎవరికైనా ఉచితంగా వస్తున్నాయి. లోపలికి వచ్చే దారి ఇలా ఏడాదికేడాదీ సులువవుతూ వచ్చింది. బయటికి పోయే దారి దాదాపు అక్కడే ఉంది.

విండోస్‌నే తీసుకోండి. 'గో బ్యాక్' బటన్ ఉందిగా, నచ్చకపోతే వెనక్కి వెళ్లిపోవచ్చు అనుకుంటారు అందరూ. ఆ బటన్ పనిచేసేది 10 రోజులే. పాత సిస్టమ్ సీ డ్రైవ్‌లో విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. జాగా చాలక డిస్క్ క్లీనప్‌లో పాత ఇన్‌స్టలేషన్ ఫైళ్లకు టిక్ పెట్టారంటే ఆ ఫోల్డర్ పోతుంది, దాంతోపాటే వెనక్కి వెళ్లే అవకాశమూ పోతుంది. డిస్మ్ (DISM) అనే కమాండ్‌తో ఈ గడువును 60 రోజుల దాకా పెంచుకోవచ్చు. అయితే ఆ పని 10 రోజులు దాటకముందే చెయ్యాలి, దాటాక పెంచడానికి అక్కడ ఏమీ మిగలదు.

అసలు ఉచ్చు దీని తర్వాత ఉంది. విండోస్ బీటాలు ఛానెళ్లుగా వస్తాయి. ఒకరు వాటిలో డెవ్ ఛానెల్‌లో చేరారనుకోండి. మొదటి బిల్డ్ (అంటే ఒక బీటా ప్రతి) ఎక్కింది. ఇప్పుడు విండోస్.ఓల్డ్‌లో ఉన్నది నిన్నటిదాకా వాడిన స్థిరమైన విండోస్. కొన్నాళ్లకు ఇంకో పూర్తి బిల్డ్ వచ్చి ఎక్కింది. ఇప్పుడు అదే ఫోల్డర్‌లో ఉన్నది మొదటి బీటా బిల్డ్. స్థిరమైన విండోస్ ఆ కంప్యూటర్లో ఇంక ఎక్కడా లేదు. బటన్ అలాగే ఉంటుంది, నొక్కితే పనిచేస్తుంది కూడా, తీసుకెళ్లేది మాత్రం మరో బీటాకి. పది రోజుల లెక్క కూడా మళ్లీ మొదలవుతుంది కాబట్టి, ఇంకా టైముందిలే అని ధీమాగా ఉన్నవాళ్లే ఇందులో ఎక్కువగా పడతారు.

ఛానెల్‌ను బట్టి కూడా తేడా ఉంది. బీటా, రిలీజ్ ప్రివ్యూ ఛానెళ్లలో ఉన్నవాళ్లు తర్వాతి వెర్షన్ విడుదలయ్యాక ప్రివ్యూలు ఆపేయమని టిక్ పెట్టి నిమ్మళంగా బయటపడొచ్చు. కెనరీ ఛానెల్‌లో ఉన్నవాళ్లకు క్లీన్ ఇన్‌స్టాల్ (అంతా తుడిచి మొదటినుంచీ ఎక్కించడం) తప్ప గతి లేదు. కారణం సాంకేతికంగా సూటిగానే ఉంది: అక్కడి బిల్డ్ నంబర్ బజారులో ఉన్న విండోస్ నంబర్ కంటే పెద్దది. పెద్ద నంబర్ మీద చిన్న నంబర్‌ను ఎక్కించేటప్పుడు ప్రోగ్రాములనూ సెట్టింగ్స్‌నూ నిలిపి ఉంచడానికి సెటప్ ఒప్పుకోదు. ఛానెళ్ల పేర్లు చూస్తే ఈ తేడా తెలియదు. బొగ్గు గనుల్లో విషవాయువు పసిగట్టడానికి కెనరీ పిట్టల్ని దింపేవాళ్లని తెలిసినవాళ్లకు తప్ప ఆ పేరులో ఏ హెచ్చరికా వినపడదు.

బీటాలకు గడువు తేదీ కూడా ఉంటుందని చాలామందికి తెలియదు. రన్ బాక్స్‌లో విన్‌వర్ (winver) అని కొడితే వచ్చే చిన్న కిటికీలో, ఇది మూల్యాంకన ప్రతి, ఫలానా రోజుతో ముగుస్తుంది అన్న వాక్యం కనిపిస్తుంది. విండోస్ 7 రిలీజ్ క్యాండిడేట్ (తుది విడుదలకు ముందటి పరీక్ష ప్రతి) పెట్టుకున్నవాళ్ల కంప్యూటర్లు 2010 మార్చి 1 నుంచి రెండు గంటలకోసారి వాటంతటవే ఆగిపోయేలా ముందే అమర్చారు. జూన్ 1తో ఆ ప్రతికి కాలం చెల్లింది. తయారీదారు వైపు నుంచి చూస్తే ఇది న్యాయమే, పాత బీటా ఎల్లకాలం తిరుగుతుండకూడదు. కానీ ఆ తేదీ ఓ మూలన దాక్కుని ఉండటం న్యాయం కాదు.

మ్యాక్ దగ్గర చిక్కు మరో రకం. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో బీటా అప్‌డేట్స్‌ను 'ఆఫ్' చేస్తే బీటా పోతుందని అనుకుంటారు. అది తర్వాతి బీటాలు రాకుండా ఆపుతుందంతే, ఎక్కినది ఎక్కినట్టే ఉంటుంది. 'ఎరేజ్ ఆల్ కంటెంట్ అండ్ సెట్టింగ్స్' నొక్కితే మీ డేటా పోతుంది కానీ సిస్టమ్ బీటాగానే మిగులుతుంది. రెండు విధాలా నష్టం. పాత వెర్షన్‌కు రావాలంటే డిస్క్ తుడిచి, బూట్ అయ్యే ఇన్‌స్టాలర్‌తో మళ్లీ ఎక్కించి, బీటాకు ముందు తీసిన టైమ్ మెషీన్ బ్యాకప్ నుంచి డేటా తెచ్చుకోవాలి. బీటా ఎక్కాక తీసిన బ్యాకప్‌ను పాత వెర్షన్‌లోని మైగ్రేషన్ అసిస్టెంట్ (డేటా తెచ్చిపెట్టే సాధనం) తీసుకోదు, ముందు సిస్టమ్‌ను అప్‌డేట్ చేసుకోమంటుంది. అందులోంచి ఫైళ్లు చేత్తో కాపీ చేసుకోవాల్సిందే. అంతకంటే మొండికేస్తే డీఎఫ్‌యూ అనే ప్రత్యేక రికవరీ విధానంలో ఫర్మ్‌వేర్‌ను (హార్డ్‌వేర్‌ను నడిపే మూల సాఫ్ట్‌వేర్‌ను) బాగుచేయాలి. దానికి ఇంకో మ్యాక్ కావాలి, డేటా కూడా మోసే యూఎస్‌బీ-సీ కేబుల్ కావాలి. థండర్‌బోల్ట్ 3 కేబుల్ వాడొద్దని ఆపిలే చెబుతోంది. అక్కడ 'రివైవ్' ఎంచుకుంటే డేటా నిలుస్తుంది, 'రిస్టోర్' ఎంచుకుంటే అంతా తుడిచిపెట్టుకుపోతుంది. కంగారులో ఉన్న మనిషికి ఆ రెండు మాటల మధ్య తేడా ఒక బటన్ దూరం.

బీటాను వేరే ఏపీఎఫ్ఎస్ వాల్యూమ్‌లో (మ్యాక్ డిస్క్‌లోని ఓ విడి భాగంలో) పెట్టుకోమని మీరిచ్చే సలహా మంచిదే, కానీ సగమే. వాల్యూమ్ వేరైనా వాటన్నిటినీ పట్టి ఉంచే కంటైనర్ ఒకటే, ఖాళీ జాగా ఒకటే, ఫర్మ్‌వేర్‌లో కొంత భాగం కంప్యూటర్ మొత్తానికీ ఒకటే. బీటా దాన్ని కొత్తదానికి మారిస్తే, ఆ వాల్యూమ్ చెరిపేసినంత మాత్రాన ఫర్మ్‌వేర్ వెనక్కి రాదు.

వీటన్నిటికంటే తక్కువగా చర్చకొచ్చేదీ, మా దృష్టిలో ఎక్కువ ప్రమాదకరమైనదీ అకౌంట్ సంగతి. బీటాను పాత ల్యాప్‌టాప్‌లోనో వర్చువల్ మెషీన్‌లోనో (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్‌లోనో) పెట్టి, అందులో మామూలు అకౌంట్‌తోనే సైన్ ఇన్ అయితే, జాగ్రత్త పడ్డామన్న తృప్తి తప్ప రక్షణ లేదు. కొత్త సిస్టమ్‌లోని ఆప్‌లు డేటాబేస్‌ను కొత్త పద్ధతికి మారుస్తాయి, ఆ మార్పు ఒకవైపే జరుగుతుంది. కొత్త ఫొటోస్ ఆప్‌లో తెరిచిన లైబ్రరీ పాత దాంట్లో తెరుచుకోదు. 2019లో ఐఓఎస్ 13తో రిమైండర్స్ ఆప్ మారినప్పుడు, ఐక్లౌడ్‌లో కొత్త పద్ధతికి మార్చుకున్న జాబితాలు పాత వెర్షన్లలో ఉన్న పరికరాలతో కలవలేదు. బీటా ఉన్నది ఒక్క యంత్రంలోనే, దెబ్బ తగిలేది ఆ అకౌంట్ ఉన్న అన్నిటికీ.

ఇక ఏవి పాడవుతాయి, ఎందుకు పాడవుతాయి అన్నది. మొదట మూలిగేవి సిస్టమ్ గుండె లాంటి కెర్నల్‌తో నేరుగా మాట్లాడేవి: వీపీఎన్, యాంటీవైరస్, ప్రింటర్, ఆడియో ఇంటర్‌ఫేస్, గేముల్లో మోసాన్ని పట్టే సాఫ్ట్‌వేర్. ఇవన్నీ సిస్టమ్ లోపలి అమరిక ఫలానా విధంగా ఉంటుందని నమ్మి రాసినవి. బీటాలో మీరు ఆ అమరికను కదుపుతారు, వాటి తయారీదార్లు తుది విడుదల దగ్గర పడ్డాకే సరిచేస్తారు. ఈలోగా వాళ్ల సహాయ కేంద్రానికి ఫోన్ చేస్తే వచ్చే జవాబు ఒకటే: బీటాకు మేం మద్దతివ్వం. ఆన్‌లైన్ పరీక్షలు పెట్టే సాఫ్ట్‌వేర్ అయితే తెలియని వెర్షన్ చూసి తెరుచుకోవడానికే నిరాకరించవచ్చు. స్లీప్‌లోంచి లేవకపోవడం, బ్యాటరీ తొందరగా దిగిపోవడం లాంటివి విసుగు పుట్టిస్తాయి గానీ తర్వాతి బిల్డ్‌లో పోతాయి. వాటి గురించి ఇంతకంటే రాయక్కర్లేదు.

తర్వాతి బిల్డ్‌లో పోనివి వేరే ఉన్నాయి. విండోస్ 7 బీటాలో ఎంపీ3 ఫైళ్లను లైబ్రరీలో చేర్చినప్పుడు, వాటి వివరాలు మార్చినప్పుడు కొన్ని పాటల్లో కొన్ని క్షణాల శబ్దం శాశ్వతంగా తెగిపోయేది. మైక్రోసాఫ్ట్ వెంటనే ప్యాచ్ ఇచ్చింది, కానీ ప్యాచ్ తెగిన ముక్కను అతికించదు. ఇలాంటి తప్పుకు ఎర్రర్ మెసేజ్ రాదు. ఫైల్ ఉంటుంది, తెరుచుకుంటుంది, ఆ రాత్రి బ్యాకప్ దాన్నే నమ్మకంగా కాపీ చేసుకుంటుంది, క్లౌడ్ సింక్ దాన్నే మిగతా పరికరాలకు పంచుతుంది. బీటాకు ముందు తీసి, కేబుల్ పీకి పక్కన పెట్టిన కాపీ ఒక్కటే అప్పుడు అక్కరకొస్తుంది.

2021లో లైనక్స్ కెర్నల్ 5.12 మొదటి రిలీజ్ క్యాండిడేట్‌లో, స్వాప్ ఫైల్‌కు (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ జాగాకు) వెళ్లాల్సిన రాత డిస్క్‌లో తప్పుచోటికి వెళ్లి ఫైల్ సిస్టమ్‌నే చెరిపేసే లోపం బయటపడింది. స్వాప్ పార్టిషన్ వాడేవాళ్లకు ఏమీ కాలేదు, స్వాప్ ఫైల్ పెట్టుకున్నవాళ్లకు డిస్కే పోయే పరిస్థితి. లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఆ వెర్షన్ ట్యాగ్ పేరు చివర 'డోంట్‌యూజ్' అని తగిలించి, వాడొద్దని అందరికీ రాశారు. మీ అందరికీ మేం చూపించదలుచుకున్న నమూనా అదే: హెచ్చరిక ఎక్కడో విడుదల పత్రంలో కాదు, దించుకునేవాడు తప్పించుకోలేని చోట, పేరులోనే.

2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ బయటపెట్టిన ఎక్స్‌జెడ్ దొడ్డిదారి (లైనక్స్‌లో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ సాఫ్ట్‌వేర్‌లో రహస్యంగా దూర్చిన ప్రవేశమార్గం) కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 5.6.0, 5.6.1 వెర్షన్లలో దూర్చిన ఆ కోడ్ లైనక్స్ రకాలైన డెబియన్, ఫెడోరాల పరీక్ష వెర్షన్లలోకి చేరింది: డెబియన్ టెస్టింగ్‌లోకీ, అన్‌స్టేబుల్‌లోకీ, ఫెడోరా రాహైడ్‌లోకీ, ఫెడోరా 40 బీటాలోకీ. డెబియన్ స్థిరమైన విడుదలకు చేరలేదు. మరో లైనక్స్ రకం ఉబుంటు 24.04 బీటాను దీనివల్లే వారం వాయిదా వేశారు. కొత్త ప్యాకేజీలు ముందుగా అందుకునేవాళ్లకే కొత్త విషమూ ముందుగా అందుతుంది. ఇలాంటి కంప్యూటర్లోనే ఆఫీసు పాస్‌వర్డ్‌లూ సర్వర్ల తాళాలూ ఉంటే ఏం జరిగేదో విడమరిచి చెప్పనక్కర్లేదు.

గోప్యత మాటొకటి. ఇన్‌సైడర్ బిల్డ్‌లు కావాలంటే కంప్యూటర్ పనితీరు వివరాలను మైక్రోసాఫ్ట్‌కు పంపే ఐచ్ఛిక డయాగ్నస్టిక్ డేటా ఆన్ చేయక తప్పదు. క్రాష్ అయిన క్షణంలో మెమరీలో ఉన్నదంతా అందులో చేరవచ్చనీ, తెరిచి ఉన్న ఫైల్ ముక్కలు కూడా అనుకోకుండా వెళ్లవచ్చనీ మైక్రోసాఫ్ట్ పత్రాల్లోనే ఉంది. లోపం పట్టుకోవడానికి అది అవసరమే. కానీ రోగుల వివరాలో, కక్షిదారుల కాగితాలో ఉన్న కంప్యూటర్లో ఆ స్విచ్ వేసే హక్కు ఆ ఉద్యోగికి ఉండకపోవచ్చు.

మీరు అడిగిన సహాయం చేసినవాళ్ల మాట మీరు వింటున్నారా అన్నది ఇంకో ప్రశ్న. 2018 అక్టోబర్ 2న విడుదలైన విండోస్ 10 అప్‌డేట్‌ను కొన్ని రోజులకే నిలిపేయాల్సి వచ్చింది. డాక్యుమెంట్స్ లాంటి ఫోల్డర్‌ను వేరే డ్రైవ్‌కు మళ్లించుకుని, కొన్ని ఫైళ్లు పాత చోటే వదిలేసినవాళ్ల ఫైళ్లను ఆ అప్‌డేట్ చెరిపేసింది. ఫైళ్లు పోతున్నాయని ఇన్‌సైడర్లు అంతకుముందే ఫీడ్‌బ్యాక్ హబ్‌లో (మైక్రోసాఫ్ట్ ఫిర్యాదుల ఆప్‌లో) రాశారు. ఓట్లు తక్కువ పడటంతో ఆ ఫిర్యాదులు అడుగున పడిపోయాయి. నవంబర్ 13న మళ్లీ విడుదల చేశారు, లోపం తీవ్రత తెలిపే గడిని హబ్‌లో చేర్చారు. మంచి మార్పే. అయినా డేటా పోయిందన్న ఫిర్యాదును ఓట్లతో తూచే పద్ధతి ఏ కంపెనీలోనూ ఉండకూడదు. అలాంటిది ఒక్కటి వచ్చినా తర్వాతి బిల్డ్ ఆగాలి.

మేం కోరేవి ఇవి. విండోస్‌లో చివరి స్థిరమైన సిస్టమ్ కాపీని బీటా బిల్డ్‌లు తుడిచేయకుండా వేరే పేరుతో ఉంచండి. జాగా ఎక్కువ పడుతుంది, పట్టనివ్వండి, వద్దనుకున్నవాళ్లు చెరుపుకుంటారు. క్లౌడ్‌లో డేటా పద్ధతి మార్చాల్సి వస్తే తుది విడుదల దాకా ఆగండి, లేదా పాత పద్ధతి కాపీని అప్పటిదాకా నిలిపి ఉంచండి. గడువు తేదీని డెస్క్‌టాప్ మీద కనపడేలా రాయండి. ప్రతి బీటాతో పాటు అదేరోజు వర్చువల్ మెషీన్ ఇమేజ్ కూడా ఇవ్వండి. అది చేరే పేజీలో మొదటి బటన్‌గా ఉండాలి, 'ఈ కంప్యూటర్లోనే ఎక్కించు' అన్నది దాని కింద రెండోదిగా.

వర్చువల్ మెషీన్‌లో డ్రైవర్లు, గ్రాఫిక్స్, స్లీప్, బ్యాటరీ పరీక్షించలేరని మీ ఇంజినీర్లు అంటారు. నిజమే. కానీ మెనూ ఎలా మారిందో చూడాలనుకునేవాళ్లకు, తమ ఆప్ నడుస్తుందో లేదో చూసుకునేవాళ్లకు అదే సరిపోతుంది. విండోస్ 11కు కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్, టీపీఎమ్ 2.0 (తాళాలు భద్రపరిచే చిప్) కావాలి. మైక్రోసాఫ్ట్ వర్చువల్ మెషీన్ సాధనం హైపర్-వీలో రెండో తరం మెషీన్ తీసుకుని, సెక్యూరిటీ పేజీలో టీపీఎమ్‌కు టిక్ పెడితే చాలు. అసలు కంప్యూటర్లో 16 జీబీ ర్యామ్ ఉంటే ఇబ్బంది ఉండదు. ప్రతి కొత్త బిల్డ్‌కు ముందు చెక్‌పాయింట్ (వెనక్కి వెళ్లడానికి వీలైన నకలు) తీసుకోమని, వేరే అకౌంట్‌తో సైన్ ఇన్ అవ్వమని ఆ పేజీలోనే రాయండి.

నిజంగా హార్డ్‌వేర్ మీదే పరీక్షించేవాళ్లకు విడి ఎస్ఎస్‌డీ వాడమని చెప్పండి, ఎలాగో కూడా చెప్పండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అసలు డిస్క్ కేబుల్ పీకేయాలి. లేకపోతే విండోస్ సెటప్ బూట్ ఫైళ్లను అసలు డిస్క్‌లో ఉన్న ఈఎఫ్ఐ పార్టిషన్‌లో (కంప్యూటర్ మొదలవ్వడానికి కావాల్సిన ఫైళ్లుండే భాగంలో) రాసేయొచ్చు. అప్పుడు రెండు సిస్టమ్‌ల బూట్ ఒకే చోట ముడిపడుతుంది. కేబుల్ మళ్లీ పెట్టాక, అసలు డిస్క్‌కు బిట్‌లాకర్ (డిస్క్‌ను రహస్య లిపిలో ఉంచే విండోస్ తాళం) ఉంటే బీటాలోంచి దాని తాళం తియ్యొద్దు, బీటాకు చదవడం రాని డిస్క్‌లోని ఫైళ్లను బీటాలోని ఆప్‌లు తెరిచి మార్చలేవు. లైనక్స్‌లో ఓపెన్‌సూసే టంబుల్‌వీడ్ లాంటివి బీటీఆర్‌ఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్ తీసే స్నాప్‌షాట్లతో (అప్పటి స్థితి నకళ్లతో), కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూ నుంచే నిన్నటి సిస్టమ్‌కు వెళ్లనిస్తాయి. ఇది మిగతావాళ్లు నేర్చుకోవాల్సిన పద్ధతి. అందులోనూ హోమ్ డైరెక్టరీ మామూలుగా స్నాప్‌షాట్‌లో ఉండదని గుర్తు చేయాలి.

ఇంత చెప్పినా ఉన్న ఒక్క కంప్యూటర్లోనే ఎక్కిస్తాం అనేవాళ్లుంటారు. వాళ్లు బటన్ నొక్కిన వెంటనే డౌన్‌లోడ్ మొదలుపెట్టకుండా, ముందు ఈ హెచ్చరిక చూపించండి. మార్చుకోకుండా వాడుకున్నా మాకు అభ్యంతరం లేదు.

"ఇది పూర్తికాని సిస్టమ్. దీన్నుంచి వెనక్కి రావాలంటే డిస్క్ మొత్తం తుడవాల్సి రావచ్చు. ఈ బిల్డ్ ఫలానా తేదీతో ముగుస్తుంది. కొనసాగేముందు: డిస్క్ మొత్తాన్ని బయటి డిస్క్‌కు క్లోన్‌జిల్లా లాంటి సాధనంతో ఇమేజ్ తీయండి, మ్యాక్ అయితే టైమ్ మెషీన్ బ్యాకప్ పూర్తి చేయండి. ముఖ్యమైన ఫైళ్ల మరో కాపీ వేరే డిస్క్‌లో పెట్టండి. క్లౌడ్ సింక్ బ్యాకప్ కాదు, ఇక్కడ చెరిగింది అక్కడా చెరుగుతుంది. ఆ కాపీలోంచి నాలుగైదు ఫైళ్లు వేరే కంప్యూటర్లో తెరిచి చూసి, డిస్క్‌ను విడదీసి పక్కన పెట్టండి. స్థిరమైన వెర్షన్ ఇన్‌స్టాలర్‌ను ఇప్పుడే పెన్‌డ్రైవ్‌లో చేసుకోండి: విండోస్‌కు 8 జీబీ, మ్యాక్‌కు 32 జీబీ పెన్‌డ్రైవ్ అయితే ఇరుకు ఉండదు. దాంతో ఒకసారి బూట్ చేసి చూడండి. బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీని, లేదా మ్యాక్‌లో అలాంటిదే అయిన ఫైల్‌వాల్ట్ కీని కాగితం మీద రాసుకోండి. ఫర్మ్‌వేర్ గానీ బూట్ అమరిక గానీ మారితే మళ్లీ అడుగుతుంది, ఆ కీ ఈ కంప్యూటర్లోనే దాచి ఉంటే పనికిరాదు. లైసెన్స్ ఉన్న ప్రోగ్రాములను ముందు డీయాక్టివేట్ చేయండి. పరీక్ష, ఆడిట్, పని అప్పగించాల్సిన గడువు వచ్చే పదిహేను రోజుల్లో ఉంటే ఇక్కడితో ఆగండి."

దీని కింద కొనసాగడానికొకటి, ఆగడానికొకటి రెండు బటన్లు పెట్టండి, రెండూ ఒకే సైజులో. ఇందులో కొత్త ఇంజినీరింగ్ ఏమీ లేదు, మీ సహాయ పేజీల్లో చెల్లాచెదురుగా ఉన్న మాటలే ఎక్కువ. ఒక స్క్రీన్ చేర్చితే అయిపోతుంది, వచ్చే బీటా బిల్డ్‌కే చేర్చవచ్చు. విండోస్.ఓల్డ్ సంగతికీ, క్లౌడ్ డేటా సంగతికీ ఎక్కువ కాలం పడుతుందని మాకు తెలుసు. వాటికి ఎప్పటిలోగా సాధ్యమో చెబితే చాలు.

ఇట్లు,
ఆఫీసుల్లో, బడుల్లో, ఇళ్లలో కంప్యూటర్లను నడిపించే పనిలో ఉన్న కొందరు సాంకేతిక సిబ్బంది